పరుపు తడిపిన పిల్లి

మా చిట్టిగాడికి నాలుగేళ్లు. నారింజ రంగు మగపిల్లి. ఆపరేషన్ చేయించాం, గడప దాటడు. చిన్న పిల్లగా వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా లిట్టర్ ట్రే తప్పలేదు. అలాంటివాడు ఒక మంగళవారం నా పరుపు మీద పోశాడు. బుధవారం పొద్దున ల్యాప్‌టాప్ బ్యాగులో. ఆ వారం మా ఆఫీసులో రిలీజ్. రాత్రి రెండింటి దాకా కాల్స్, వాడి మొహం చూసింది లేదు. అందుకే అలిగాడనుకున్నాను. గట్టిగా కసిరి, ట్రేతో సహా బాల్కనీలో పెట్టి తలుపేశాను.

సాయంత్రం అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్తే, "ఎంత పోశాడ్రా?" అంది. గేదెల్ని సాకిన ఇల్లు మాది. అమ్మకి పేడా మూత్రం సంగతి తేలాకే మిగతా మాట. అప్పుడు గుర్తు చేసుకున్నాను. పరుపు మీద ఉన్నది రూపాయి బిళ్లంత మరక. బ్యాగులో నాలుగు చుక్కలు, కొంచెం గులాబీ రంగులో. బాల్కనీ తలుపు తీసి చూస్తే చిట్టిగాడు ట్రేలో కూర్చుని ముక్కుతున్నాడు. లేస్తాడు, రెండడుగులు వేస్తాడు, మళ్లీ వచ్చి కూర్చుంటాడు. ట్రేలో ఇసుక పొడిగానే ఉంది.

క్లినిక్‌లో డాక్టర్ మేడమ్ పొట్ట మీద చెయ్యి వేయగానే చెప్పేశారు. మూత్రాశయం నిండిపోయి బత్తాయి కాయలా గట్టిగా ఉంది. బయటికి వెళ్లే దారి మూసుకుపోయింది. మత్తిచ్చి, కాథెటర్ వేసి, సెలైన్ ఎక్కించి మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. "రేపు పొద్దున చూద్దాంలే అని ఆగుంటే..." అని మేడమ్ మాట సగంలో ఆపేశారు. ఆఫీసులో సర్వర్ పడిపోతే ముందు లాగ్స్ చూసేవాణ్ని, ఇంట్లో నోరులేని జీవిని మాత్రం చూడకుండానే శిక్షించాను. బిల్లు సంగతి మర్చిపోయాను కానీ ఇది మర్చిపోలేదు.

అసలు జరిగేది ఇది. మగపిల్లి మూత్రనాళం చివరికి వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. మూత్రంలో కట్టే స్ఫటికాలు, లోపలి పొర నుంచి ఊడే జిగురు కలిసి అక్కడ బిరడాలా అడ్డుపడతాయి. మూత్రం వెనక్కి తన్నుతుంది, కిడ్నీలు పని ఆపేస్తాయి, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. పూర్తిగా మూసుకుపోయాక రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆడపిల్లుల్లో నాళం వెడల్పు కాబట్టి ఇలా మూసుకుపోవడం అరుదు. ఇంకో సంగతి, వయసులో ఉన్న పిల్లుల్లో చాలాసార్లు రాళ్లూ ఉండవు, ఇన్ఫెక్షనూ ఉండదు. ఒత్తిడి వల్ల మూత్రాశయం వాచిపోతుంది. ఇల్లు మారడం, కొత్త జంతువు రావడం, పెయింటింగ్ పనులు, యజమాని పలకరించకపోవడం, ఏదైనా కావచ్చు. కాబట్టి అలిగాడన్న నా ఊహలో సగం నిజముంది. అలక పరుపు మీద చూపించలేదు, అంతే.

అయితే కంపు కొట్టే ప్రతి మూల వెనకా జబ్బే ఉందా అంటే, లేదు. ఆపరేషన్ చేయించని మగపిల్లి గోడకి వెనక్కి తిరిగి, నిలబడి, తోక నిటారుగా లేపి చిమ్ముతుంది. అది హద్దు గీసుకోవడం, చాలావరకు ఆపరేషన్‌తో తగ్గుతుంది. కిందికి కూర్చుని, మాటిమాటికీ, చుక్కలు చుక్కలుగా పోస్తుంటే మాత్రం వేరే లెక్క. అరుపులు, అక్కడే నాక్కోవడం, మూత్రంలో ఎరుపు, మంచం కిందకెళ్లి దాక్కోవడం కూడా చూడండి. వాంతులు మొదలై, తిండి మానేసిందంటే ఆలస్యమైనట్టే. మగపిల్లి ముక్కుతోంది, చుక్క రావట్లేదంటే అర్ధరాత్రి అయినా బండి తీయాల్సిందే.

చాలామంది ఆ ముక్కడం చూసి మలబద్ధకం అనుకుంటారు. ఆముదం పట్టకండి. పొట్ట నొక్కి చూడకండి, నిండిన మూత్రాశయం పగిలిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నొప్పి తగ్గుతుందని మనం వేసుకునే పారాసెటమాల్ ముక్క కూడా వెయ్యకండి. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. చిగుళ్లు గోధుమ రంగుకి తిరుగుతాయి, ఊపిరాడదు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి.

ఇక తుడవడం. మనవాళ్ల చేతికి మొదట దొరికేది ఫినాయిల్. ఫినాల్ ఉన్న ద్రావకాలు పిల్లికి విషం. తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటుంది కదా. పైగా ఘాటు వాసన ఉన్న చోటికి వాసన తగలెయ్యడానికే మళ్లీ వచ్చే పిల్లులూ ఉన్నాయి. పెంపుడు జంతువుల షాపుల్లో ఎంజైమ్ క్లీనర్లు అమ్ముతారు, అవి వాసనని మూలంలోనే తీసేస్తాయి.

చిట్టిగాడు ఇంటికొచ్చాక మార్చినవి కొన్నే. పొడి తిండి తగ్గించి తడి తిండి పెంచాం. పిల్లులకి దాహం తక్కువ, నీళ్లు తిండిలోంచే వెళ్లాలి. నీళ్ల గిన్నె తిండి గిన్నె పక్కనుంచి తీసి వేరే గదిలో పెట్టాను, ఇంకోటి కిటికీ దగ్గర. ట్రేలు రెండయ్యాయి. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ అన్నది డాక్టర్ల లెక్క. అమ్మ వచ్చినప్పుడు పెరుగన్నం పెట్టే అలవాటు మాత్రం ఆపించలేకపోయాను. ఒక ముద్ద సరదాకి సరే. రోజూ అదే అయితే మాంసంలో మాత్రమే దొరికే టారిన్ అందక కళ్లు, గుండె దెబ్బతింటాయి. అమ్మకి ఈ ముక్క చెప్తే, "మన ఊళ్లో పిల్లులకి ఎవరు పెట్టార్రా టారిన్?" అంది. ఎలుకలు పెట్టాయమ్మా అన్నాను.

కుక్కలున్నవాళ్లు ఇంతదాకా చదివి ఇందులో మాకేముంది అనుకోవద్దు. ఏళ్ల తరబడి బయటే పోసే కుక్క రాత్రిపూట హాల్లో పోస్తోందంటే, కొట్టే ముందు నీళ్ల గిన్నె కొలవండి. రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటి తాగుతోందంటే, అంటే పది కిలోల కుక్క లీటరు దాటించేస్తోందంటే, షుగర్, కిడ్నీ పరీక్షలు చేయించాలి. తల నిమరబోతే ఉన్నట్టుండి కరవబోయిన కుక్క చెవి ఎత్తి చూడండి, వానాకాలంలో లోపల చీము పట్టి ఉంటుంది. మీరు ఆఫీసుకెళ్లగానే మొరిగి తలుపు గీరేది మాత్రం ఒంటరితనం. దానికి మందుకన్నా ముందు సాధన కావాలి. తాళం చెవులు తీసుకోండి, బయటికెళ్లండి, అది భయపడేలోపే నిమిషంలో తిరిగి రండి. తర్వాత రెండు నిమిషాలు, అలా పెంచుతూ పోవాలి. వారాలు పడుతుంది.

బద్ధకంగా పడుంటోంది, నడకకి రానంటోంది అని రాసేవాళ్లకి నేను అడిగేది ఒకటే, ఒంటి మీద గోమార్లు ఉన్నాయా అని. వాటి జ్వరం సంగతి పెద్దది, వచ్చే వారం చెప్పుకుందాం. ఈలోపు కాలివేళ్ల మధ్యన, చెవుల లోపల వెతికి పెట్టండి.