రోగి వెంట ఎవరు వెళ్తారు?

2020 ఏప్రిల్ 1న హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో కరోనా రోగి ఒకరు చనిపోగా, అక్కడే చికిత్సలో ఉన్న బంధువు డాక్టరుపై చేయి చేసుకున్నారు. అటువంటివారికి 3 సంవత్సరముల వరకు జైలుశిక్ష అని 2008 లోనే చట్టము వచ్చినది. ఉండవలసినదే. కాని ఆ దుఃఖంలో భుజం పట్టుకొనుటకు బయటివారెవరూ ఆ వార్డులోనికి వెళ్లే వీలు లేకపోయెను.

మా బూర్గంపాడు వైపు జబ్బు ముదిరితే గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళ్తాము. అక్కడా కాదంటే ఖమ్మమో, వరంగల్లో. ప్రతిచోటా కొత్త డాక్టరు, కొత్త చీటీ. "ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపొండి" అన్న మాట, కోయ తల్లికి గెంటివేసినట్లే వినబడుతుంది. అనుమానము అక్కడే పుడుతుంది.

పండ్లతో పరామర్శకు వెళ్లుట మనకు అలవాటే (రోగి తినలేడు పాపం!). చీటీలు చదివి, డాక్టరును నిదానముగా అడిగి, ఇంటివారికి వారి భాషలో చెప్పగలవారు ఒక్కరు మొదటి రాత్రే వెంట వెళ్లాలి. బస్సు చార్జీ సంఘపు పెట్టెలోనుండి ఇవ్వవచ్చును.