పాత డెస్క్‌టాప్‌కు బ్యాకప్ డిస్క్ కొంటున్నారా? పెద్దది ఒకటి కాదు.. చిన్నవి రెండు మేలు!

ధర్మసాగర్, హనుమకొండ జిల్లా: ధర్మసాగర్ లాంటి మండల కేంద్రాల్లో ఫొటో స్టూడియో అయినా, జిరాక్స్ సెంటర్ అయినా, ఎరువుల దుకాణం అయినా.. మూలన ఓ పాత డెస్క్‌టాప్ కనిపిస్తుంది. పదేళ్లు దాటినా నడుస్తూనే ఉంటుంది. పెళ్లి వీడియోలు, ఉద్దెర లెక్కలు, బిల్లులు.. అన్నీ దాంట్లోనే. మరి ఆ ఒక్క హార్డ్ డిస్క్ పోతే పరిస్థితేంటి?

ఇప్పుడే ఎందుకీ చర్చ?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదు. కానీ ప్రత్యేకంగా నమోదు చేసుకోకపోతే కొత్త సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. టీపీఎం 2.0 చిప్ లేని పాత మెషిన్లకు విండోస్ 11 అధికారికంగా దక్కదు. అంటే డిస్క్‌కు వయసు మీద పడింది.. పైగా వైరస్‌ల నుంచి రక్షణ తగ్గింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ మన దగ్గరికి రాదులే అనుకుంటే పొరపాటే. 2017 మేలో ‘వాన్నాక్రై’ దాడిలో ఏపీ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ డిస్కంల వెబ్‌సైట్లకూ ఇలాంటి దెబ్బే తగిలింది.

ముందు చూడాల్సింది పోర్టులు

షాపులో మొదట అడిగేది ‘ఎన్ని టీబీ?’ అని. నిజానికి ముందు చూడాల్సింది మీ సీపీయూ వెనకవైపు. అక్కడ నీలం రంగు యూఎస్‌బీ పోర్టు ఉంటే సాధారణంగా అది యూఎస్‌బీ 3.0. నల్లటివే ఉంటే యూఎస్‌బీ 2.0 కావొచ్చు. 500 జీబీ డేటా కాపీ కావడానికి 2.0లో నాలుగు గంటలకు పైనే పడుతుంది. 3.0లో అయితే మామూలు హార్డ్ డిస్క్‌కు గంటన్నర చాలు. కొత్త డ్రైవ్ పాత పోర్టులోనూ పని చేస్తుంది, వేగమే తగ్గుతుంది. కాబట్టి పాత పోర్టు కోసం ఖరీదైన ఎస్ఎస్‌డీ కొన్నా వేగం పెరగదు. పైగా కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచితే ఎస్ఎస్‌డీలో డేటా చెదిరే ముప్పుంది. దాచిపెట్టడానికి మామూలు హార్డ్ డిస్కే చవక, మేలు.

చిన్న సైజు (2.5 అంగుళాల) డ్రైవ్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది. ముందువైపు పోర్టులో పెడితే కొన్నిసార్లు పవర్ చాలక ‘టక్ టక్’ మంటుంది. వెనక పోర్టులో పెట్టి చూడండి. 3.5 అంగుళాల దానికి విడిగా అడాప్టర్ కావాలి. కాపీ మధ్యలో కరెంటు పోతే ఇబ్బందే, యూపీఎస్ తప్పనిసరి.

ఇంకా విండోస్ ఎక్స్‌పీనే వాడుతుంటే 2 టీబీకి మించిన డ్రైవ్‌తో చిక్కులు రావొచ్చు. ఫార్మాట్ కూడా చూసుకోవాలి. ఎఫ్ఏటీ32లో 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, పెళ్లి వీడియో అక్కడే ఆగిపోతుంది. విండోస్‌కు ఎన్‌టీఎఫ్ఎస్ సరిపోతుంది. 1 టీబీ డ్రైవ్ 931 జీబీ అని చూపిస్తే మోసం కాదు, లెక్కించే తీరులో తేడా అంతే. కానీ కారుచౌకగా ‘16 టీబీ పెన్‌డ్రైవ్’ అంటే మాత్రం నమ్మొద్దు.

రెండు ఎందుకు?

4 టీబీ డ్రైవ్ ఒకటి కొని అందులోనే అన్నీ పెడితే, అది కింద పడ్డ రోజు అన్నీ పోయినట్టే. అదే 1 టీబీవి రెండు కొంటే ఒకటి దుకాణంలో, ఇంకొకటి ఇంట్లో ఉంచొచ్చు. 2023 జులై చివర్లో కురిసిన వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీలు నీట మునిగాయి. కంప్యూటర్, బ్యాకప్ ఒకే గదిలో ఉంటే వరదకు రెండూ ఒకటే. దొంగతనమైనా, మంటలైనా అంతే.

ఇంకో ముఖ్య విషయం.. బ్యాకప్ అయ్యాక డ్రైవ్ తీసేయాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.

కొనేముందు ఈ పని చేయండి

‘క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో’ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాత డిస్క్ ఆరోగ్యం చూడొచ్చు. పసుపు రంగులో ‘కాషన్’ అని వస్తే ఆలస్యం చేయొద్దు. అలాంటి డిస్క్‌ను ఒకేసారి మొత్తం కాపీ చేయబోతే గంటల తరబడి భారం పడి మధ్యలోనే ఆగిపోవచ్చు. ముందు లెక్కలు, డాక్యుమెంట్లు, ఫొటోలు తీయండి. సినిమాలు, పాటలు తర్వాత. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు బ్యాకప్ నుంచే వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఆ ఫైళ్లు సరిగ్గా తెరుచుకున్నాకే పాతవి డిలీట్ చేయాలా, వద్దా అని ఆలోచించండి.