చందా దేశం కట్టింది, కబురు ఎవరు చెప్పాలి?

సూరత్‌లోని లింబాయత్ వైపు వెళితే తెలుగు మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాల మీదే వారిలో చాలామంది బతుకు గడిచింది. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆ బస్తీల పిల్లలు ఇప్పుడు డిగ్రీ చదువులకు వస్తున్నారు.

అలాంటి ఇంటి నుంచి వచ్చిన ఒక బీఎస్సీ విద్యార్థినికి ఒక సందేహం వచ్చిందనుకోండి. తండ్రి ముప్పై ఏళ్లుగా మరమగ్గాల షెడ్డులో పనిచేస్తున్నాడు. ఈ మధ్య వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు. టీవీ సౌండు రోజురోజుకూ పెంచుతున్నాడు. ఇది వయసు తెచ్చిన చెవుడా, సాంచాల చప్పుడు తెచ్చిన చెవుడా?

విజ్ఞానశాస్త్రం దగ్గర దీనికి సమాధానం ఉంది. మరమగ్గాల షెడ్లలో శబ్దం సాధారణంగా 90 డెసిబెల్స్ దాటే ఉంటుంది. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 8 గంటల పనిలో సగటు శబ్దం 85 డెసిబెల్స్ మించకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సురక్షితంగా ఉండగలిగే సమయం సగానికి తగ్గుతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర ఒక్క గంట. మూడు అనేది చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, డెసిబెల్ కొలమానంలో 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపైనట్టే. షెడ్లలో షిఫ్టేమో చాలాచోట్ల 12 గంటలు.

లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు ఒకసారి చనిపోతే మనిషిలో మళ్లీ పుట్టవు. చప్పుడు వల్ల వచ్చే చెవుడు మొదట 4,000 హెర్ట్జ్ పరిసరాల్లో కనబడుతుంది. వినికిడి పరీక్ష గ్రాఫులో అక్కడ ఒక గుంట పడి, 8,000 దగ్గర గీత మళ్లీ కొంత కోలుకుంటుంది. వయసు వల్ల వచ్చే చెవుడులో అలా కోలుకోదు, పై పౌనఃపున్యాలకు వెళ్లేకొద్దీ గీత దిగజారుతూ పోతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ రెండూ కలిసిపోవచ్చు కాబట్టి వైద్యుడు పని చరిత్ర కూడా అడుగుతాడు. అమ్మాయి ప్రశ్నకు జవాబు మొదలయ్యేది ఇక్కడే.

ఈ సంగతులన్నీ పరిశోధన పత్రాల్లో ఉన్నాయి. శ్రామికుల ఆరోగ్యాన్ని అధ్యయనం చేసే జాతీయ సంస్థ, ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని ఎన్ఐఓహెచ్, అదే రాష్ట్రంలో అహ్మదాబాద్‌లో ఉంది. కానీ ఆమె ఫోన్‌లో వెతికినప్పుడు చాలా పత్రాలకు సారాంశం మాత్రమే తెరుచుకుంటుంది. పూర్తి పాఠం కావాలంటే ముప్పై నలభై డాలర్లు కట్టమంటుంది. ఎవరి చెవుల మీద పరిశోధన జరిగిందో, ఆ ఇంటి బిడ్డకే ఆ పత్రం అందదు.

సగం దారి పడింది

ఈ అన్యాయాన్ని సరిదిద్దే ప్రయత్నం దేశంలో గట్టిగానే మొదలైంది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల దాదాపు 13,000 ఇ-జర్నల్స్‌ను 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలకు అందించడం దీని లక్ష్యం. ప్రయోజనం పొందేవారు దాదాపు 1.8 కోట్ల మంది అని ప్రభుత్వం అంచనా వేసింది. ఒకప్పుడు ఏ గ్రంథాలయానికి ఆ గ్రంథాలయం విడిగా బేరమాడుకుని చందా కట్టేది. ఇప్పుడు దేశం మొత్తానికి ఒకే బేరం.

ఈ పథకాన్ని అమలు చేస్తున్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం కూడా గుజరాత్‌లోనే, గాంధీనగర్‌లో ఉంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను అందరికీ ఉచితంగా చూపించే శోధ్‌గంగ దాని సృష్టే. అందులో ఇప్పటికే ఐదు లక్షలకు పైగా సిద్ధాంత గ్రంథాలు చేరాయి. సూరత్‌లో 1965లో స్థాపించిన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి 2004లో గుజరాతీ కవి, నిఘంటుకర్త వీర్ నర్మద్ పేరు పెట్టారు. గుజరాతీ పదాలకు గుజరాతీలోనే అర్థాలు చెప్పే తొలి నిఘంటువును ఒంటిచేత్తో కూర్చిన మనిషి ఆయన. జ్ఞానం జనం భాషలోకి రావాలని పట్టుబట్టిన వ్యక్తి పేరు మోస్తున్న విశ్వవిద్యాలయమది. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కొత్త పథకం పరిధిలోకే వస్తాయి.

తలుపు తీసే ఉంది, తెలిసేదెవరికి?

కొనడం ఒక పని, కొన్నది ఉందని చెప్పడం మరో పని. మన విశ్వవిద్యాలయాల్లో మొదటి దానికి బడ్జెట్ ఉంటుంది, కమిటీ ఉంటుంది, సంతకాలు ఉంటాయి. రెండో దానికి సాధారణంగా ఒక సర్క్యులర్ ఉంటుంది. అదీ ఇంగ్లీషులో. ఫలానా ప్రచురణ సంస్థ డేటాబేస్ ఫలానా తేదీ వరకు ట్రయల్ పద్ధతిలో లభ్యం అని రాసి, నోటీసు బోర్డుకు అంటించి, అదే కాగితాన్ని స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెడతారు. ఎల్సెవియర్, విలీ, స్ప్రింగర్ నేచర్ అనే పేర్లు ఆచార్యులకు తెలుసు. మొదటి తరం విద్యార్థికి అవి మందుల కంపెనీల పేర్లలా వినిపిస్తాయి. ఆ నోటీసు ఏం కొన్నామో చెబుతుంది. దానితో ఏ ప్రశ్నకు జవాబు దొరుకుతుందో చెప్పదు.

అదే వార్తను మరోలా రాయవచ్చు: ‘మీ ఇంట్లో ఎవరైనా మరమగ్గాల మీద పనిచేస్తున్నారా? శబ్దం, వినికిడి మీద వచ్చిన పరిశోధనలు ఈ వారం గ్రంథాలయంలో చూపిస్తున్నాం. ఇంటి నుంచి లాగిన్ కావడం ఎలాగో గురువారం మధ్యాహ్నం నేర్పుతాం.’ ఇది గుజరాతీ, హిందీలతో పాటు తెలుగు, మరాఠీ, ఒడియాల్లోనూ వెళితే, రంగుల అద్దకం మురుగునీటి మీద, తాపీ నది వరదల మీద, వజ్రాల సాన పనివారి కంటి శ్రమ మీద ఇలాంటివే మరికొన్ని వస్తే, సూరత్ మొత్తం గ్రంథాలయానికి పాఠకురాలవుతుంది.

ఆధునిక భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉండాలన్నది ఒకటి, పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది ఇంకొకటి. 13,000 జర్నల్స్ ఒక్కసారిగా ముందు పడినప్పుడు ఈ రెండూ మరింత బరువెక్కుతాయి. ఎవరూ తెరవని జర్నల్‌కు కట్టిన చందా, తాళం వేసిన గదిలో అద్దె కడుతూ ఉంచిన బీరువా లాంటిదే. దాని ఖర్చు మాత్రం పన్ను కట్టే ప్రతి ఒక్కరిదీ. అందులో లింబాయత్ నేతకార్మికుడూ ఉన్నాడు.

అందరికీ ఒకే తలుపు కాదు

ఇక్కడ మరో చిక్కు ఉంది. ఆ అమ్మాయి చదివేది ప్రైవేటు కాలేజీలో అయితే కొత్త పథకం మొదటి దశలో ఆమెకు చోటు లేదు. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నంత మాత్రాన ఆ లాగిన్ రాదు. అలాగని ఆమెకు అన్ని దారులూ మూసుకుపోలేదు. కాలేజీ ఏడాదికి కొద్దిపాటి రుసుము కడితే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్-లిస్ట్ ద్వారా వేల ఇ-జర్నల్స్, లక్షకు పైగా ఇ-పుస్తకాలు వస్తాయి. ఎవరి అనుమతీ అక్కర్లేని వనరులూ ఉన్నాయి: శోధ్‌గంగ, ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, వైద్య పరిశోధనలకు పబ్‌మెడ్ సెంట్రల్. వినికిడి మీద ఆమెకు కావలసిన సమాచారంలో కొంత ఈ మూడింటిలోనే దొరుకుతుంది. లేనిదల్లా ఆ మాట చెప్పే మనిషి.

కాబట్టి విశ్వవిద్యాలయ గ్రంథాలయం తన వెబ్ పేజీలో రెండు జాబితాలు విడిగా పెట్టాలి: లాగిన్ ఉన్నవారికి ఏమేం దొరుకుతాయి, ఎవరైనా చూడగలిగేవి ఏవి. రెండో జాబితాను అనుబంధ కాలేజీలకు, నగర గ్రంథాలయాలకు పంపాలి. లైసెన్సు ఒప్పందాలు అనుమతించిన మేరకు బయటివారు గ్రంథాలయానికి వచ్చి అక్కడి కంప్యూటర్ మీద చదువుకునే వీలు కల్పించాలి. ఇలాంటి నిబంధన ప్రపంచవ్యాప్తంగా గ్రంథాలయాల ఒప్పందాల్లో మామూలే. తమ అధ్యాపకుల పత్రాలనూ బయట పెట్టాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ విభాగాల నిధులతో జరిగిన పరిశోధనల ఆమోదిత ప్రతులను బహిరంగ భాండాగారంలో ఉంచాలని ఆ విభాగాలు 2014లోనే విధానం ప్రకటించాయి. ప్రజల డబ్బుతో చేసిన పరిశోధనను ప్రజల డబ్బుతోనే తిరిగి కొనుక్కునే పరిస్థితి అలా కొంతైనా తగ్గుతుంది.

సిబ్బంది ఎక్కడున్నారని గ్రంథాలయాధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఖాళీలు నింపకుండా వేల కోట్ల చందాలు కడితే పంట పండించి కోతకు కూలీలను పెట్టనట్టే. అయితే ఐదు భాషల్లో నాలుగు వాక్యాల వార్త రాయడానికి కొత్త పోస్టు అక్కర్లేదు. ఆ భాషలు మాట్లాడే విద్యార్థులు ఆ తరగతుల్లోనే ఉన్నారు. ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే సరిపోదా అనే వాదనా ఉంది. అది లేని పత్రాలకు కూడా పేర్లు అల్లి చెప్పగలదు. చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి చివరికి అసలు పత్రమే కావాలి.

పుస్తకం పాఠకుడి దగ్గరికి వెళ్లడం తెలుగువారికి కొత్త కాదు. 1914లో బెజవాడలో ఊపందుకున్న ఆంధ్ర గ్రంథాలయోద్యమం ఊరూరా పఠన మందిరాలు పెట్టింది. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. ఆ పడవ రేవు చేరిందంటే అదే కబురు. నేటి ఇ-వనరులకు పడవ అక్కర్లేదు, రేవూ అక్కర్లేదు. అందుకే అవి ఊళ్లోకి వచ్చినా ఎవరికీ చప్పుడు వినబడదు. వచ్చాయని ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి.

ఆ కబురు సమయానికి అందితే సూరత్ అమ్మాయి తండ్రిని వినికిడి పరీక్షకు తీసుకెళుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. కానీ చెవులకు రక్షణ ఎందుకు కావాలో, ఏడాదికోసారి పరీక్ష ఎందుకు చేయించుకోవాలో ఇంట్లో తెలుగులో చెప్పగలుగుతుంది. అదే షెడ్డులో మొన్ననే పనికి చేరిన కుర్రాడి చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. గ్రంథాలయం కబురు చేరవలసింది అక్కడి దాకా.