సంపాదకుని మాట: చందమామ పడుతూనే ఉన్నాడు

చందమామ ఎందుకు కిందపడడు? న్యూటన్ గ్రంథం ‘ప్రిన్సిపియా’లోని గణితం మింగుడుపడని వాళ్లకు, ఆయన పోయాక 1728లో అచ్చయిన ఆయన చిన్న పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. ఎత్తైన కొండ కొమ్మున నిలబడి రాయిని అడ్డంగా విసిరారనుకోండి. కాస్త దూరంలో పడుతుంది. గట్టిగా విసిరేకొద్దీ ఇంకా దూరంగా పడుతుంది. వేగం సెకనుకు దాదాపు 8 కిలోమీటర్లయితే, గాలి అడ్డుపడకపోతే, రాయి ఎంత జారుతుందో గుండ్రటి నేల కూడా అంతే ఒంగిపోతుంది. ఇక పడడానికి చోటేదీ? చుట్టూ తిరుగుతుంది. చందమామ చేస్తున్నదీ అదే.

ఈ సంచిక శాస్త్రానికీ తత్వానికీ కేటాయించాం. వచ్చిన వ్యాసాల్లో కొన్నింటిని తిప్పి పంపక తప్పలేదు. కణం స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ ఒకేసారి కచ్చితంగా తెలుసుకోలేమని హైజెన్‌బర్గ్ 1927లో అన్నాడు. అక్కడినుంచి ఒకరు ఒక్క గెంతులో పునర్జన్మ దగ్గర తేలారు. మధ్య మెట్లేవని అడిగాం. జవాబు రాలేదు.

ఇవన్నీ తెలుగులో చెప్పలేమంటే నేనొప్పుకోను. పత్రికల్లోనే జీవితం గడిపిన నండూరి రామమోహనరావు గారు ‘నరావతారం’లో మనిషి పరిణామాన్నీ, ‘విశ్వరూపం’లో ఖగోళాన్నీ, ‘విశ్వదర్శనం’లో తత్వశాస్త్రాన్నీ మామూలు పాఠకుడి ముందు పెట్టారు. (ఆయన టామ్ సాయర్‌నూ తెలుగు చేశారు. ఆ చేయి తిరిగినతనం ఇక్కడా పనికొచ్చి ఉంటుంది.)

చదువుతూ ఎక్కడ ఆగిపోయారో పేజీ నంబరుతో సహా రాయండి, వ్యాసకర్తలకు చేరవేస్తాం. కాలం మీది వ్యాసం మొదట కొంచెం బిగువు. రెండో పేజీ దాటండి, సాగుతుంది.