కెపాసిటరు బిగించినంతనే చాలునా?

మన రఘునాథపల్లి ప్రాంతమున బోరు మోటారు ప్రక్కను కెపాసిటరు పెట్టె కనబడినచో పని ముగిసినదని తలచువారే అధికము. అది పని చేయుచున్నదా లేదా యని చూచువారు అరుదు. ఇది సరికాదని మా అభిప్రాయము.

మోటారు తిరుగుటకు అయస్కాంతబలము కావలెను. అందులకై కొంత కరెంటు తీగలలో ఊరక వచ్చి పోవుచుండును. అది నీరు తోడదు. తీగలను, ట్రాన్స్‌ఫార్మరును మాత్రము వేడెక్కించును. ఆ కరెంటును మోటారు చెంతనే సమకూర్చునది కెపాసిటరు. నిండు భారముతో నడచు ఏడున్నర హెచ్.పి. మోటారు 11.4 ఆంపియర్లు తీసికొనుచున్నదనుకొందము. 3 కె.వి.ఏ.ఆర్. కెపాసిటరు చేర్చినచో అది సుమారు 9.5కు దిగును.

ఆ పెట్టెలో మూడు కెపాసిటర్లు, ఒక్కొక్కటి రెండేసి ఫేజుల నడుమ, త్రికోణముగా కలుపబడి యుండును. దీనినే డెల్టా యందురు. ఒక్కొక్కదాని వంతు 1000 వి.ఏ.ఆర్.; దానిని 415 వోల్టులచే భాగింపగా 2.41 ఆంపియర్లు. ప్రతి తీగకును రెండు కెపాసిటర్లు తగిలియున్నవి గనుక 4.82 రావలెనని తోచును. కాని ఆ రెండు కరెంటులును ఒకే క్షణమున ఉచ్చస్థితికి రావు. ఒకే బరువును ఇద్దరు ఎడముగా నిలిచి రెండు మోకులతో లాగినట్లు, ఫలము రెట్టింపు గాక 1.732 రెట్లే యగును. అనగా మూడు తీగలలోను 4.17 ఉండవలెను.

మూటిలో ఒక కెపాసిటరు లోపల తెగిపోయినదనుకొనుడు. దానికి తగిలిన రెండు తీగలలో 2.41 మాత్రమే మిగులును. మూడవ తీగలో 4.17 అట్లే నిలుచును. అట్లుగాక పెట్టెకు వచ్చు తీగయే యొకటి ఊడినచో అందు సున్న, తక్కిన రెంటిలో 3.61 చొప్పున కనబడును. పెట్టె విప్పకయే రోగము తెలియుచున్నది! వోల్టేజి 350కి పడినప్పుడు మూటను సమముగా 3.52 చూపును, అది కెపాసిటరు దోషము గాదు.

కరెంటు ఉచితమైనప్పుడు ఈ లెక్కలేల యని కొందరందురు. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోనికి వచ్చిన మాట నిజమే. బిల్లు లేనంతమాత్రమున ట్రాన్స్‌ఫార్మరునకు బరువు తగ్గదు గదా. పైన చెప్పిన మోటార్లు పది యున్నచోట కెపాసిటర్లు లేకున్నను, ఉండి చచ్చినను, ఒక్కొక్క ఫేజుపై అదనముగా 19 ఆంపియర్లు పడును. యాసంగిలో వరి పొట్టకు వచ్చినప్పుడు ట్రాన్స్‌ఫార్మరు కాలినచో, కెపాసిటరును చక్కగా ఉంచుకొన్న రైతు మడియును ఎండవలసినదే. ఇది ఒక్కరి సొంత వ్యవహారము గాదనుటకు ఇంతకన్న ఏమి కావలెను?

కావున సంఘమే ఒక టాంగ్ టెస్టరును కొని, ప్రతి పంటకు ముందు సభ్యుల కెపాసిటరు తీగలను కొలిపించి, మూడేసి అంకెలను పుస్తకమున వ్రాయించవలెను. కొలుచునది మోటారు తీగలను గాదు, కెపాసిటరునకు పోవు తీగలను. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను. మోటారు ఆపిన పిదపను కెపాసిటరులో విద్యుత్తు కొంతసేపు నిలిచి యుండును గనుక రైతులు దానిని తాకరాదు.