నీళ్లు సగం వాడినా బిల్లు ఎందుకు పెరిగింది?

నల్లగొండ (మన విలేకరి): కరువు వచ్చినప్పుడల్లా నీళ్లు పొదుపుగా వాడండని పట్టణాల్లో మైకులు పెట్టి మరీ చెబుతారు. ఆ మాట విని జనం నిజంగానే సగానికి తగ్గించారనుకుందాం. బిల్లు కూడా సగం కావాలి గదా! దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో 2018లో జరిగింది వేరు. వాడకం తగ్గింది, రేటు పెరిగింది. ఇది పట్టపగలు దోపిడీ అని అక్కడివారు కొందరు గోల చేశారు. లెక్కలోకి దిగి చూస్తే అంత తేలిగ్గా తేల్చే సంగతి కాదు.

అప్పట్లో కేప్‌టౌన్ జనాభా 40 లక్షల పైచిలుకు. మనకు వానలు పడే జూన్, జూలై, ఆగస్టు నెలల్లోనే అక్కడా వానలు. కాకపోతే అది వారికి చలికాలం. 2015 నుంచి 2017 దాకా మూడేళ్లు వరసగా ఆ వానలు మొహం చాటేశాయి. నగరానికి నీరిచ్చే ఆరు పెద్ద జలాశయాలూ నిండితే 32 టీఎంసీలు, అంటే మన నాగార్జునసాగర్‌లో పదోవంతు. అందులో సగానికి పైగా నిలిచేది ఒక్క థీవాటర్స్‌క్లూఫ్ డ్యాంలోనే. 2018 మొదట్లో ఆ డ్యాం అడుగు మట్టి తేలి నెర్రెలు విచ్చింది.

2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లు మించి వాడరాదన్నారు. మన బిందెల లెక్కన మూడు, నాలుగు బిందెలు. స్నానం, వంట, బట్టలు, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. జలాశయాల నిల్వ 13.5 శాతానికి దిగితే ఇళ్ల నల్లాలు బందుచేసి, 200 చోట్ల క్యూలో నిలబెట్టి మనిషికి 25 లీటర్లు పోస్తామని ప్రకటించారు. ఆ రోజుకు 'సున్నా రోజు' అని పేరు పెట్టారు. ఆ నెలలోనే గ్రాబో ప్రాంతపు పండ్లతోటల రైతులు తమ చెరువులోంచి 1,000 కోట్ల లీటర్లు నగరానికి వదిలారు. అంటే టీఎంసీలో మూడోవంతు పైచిలుకు. రైతుల వాటా నీటికి అప్పటికే 60 శాతం కోత పడిందని మరవరాదు. నగరాల కథల్లో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు గనుక ఇక్కడ రాయవలసి వచ్చింది.

ఏమైతేనేం, 2015లో రోజుకు 120 కోట్ల లీటర్లు తాగిన నగరం 2018 నాటికి 50 కోట్ల లీటర్లకు దిగింది. జూన్‌లో వానలు పడ్డాయి. సున్నా రోజు రాలేదు. నగరపాలక సంస్థ ఖజానాకు మాత్రం గండి పడింది.

ఎట్లాగంటే, నలుగురు రైతులు కలిసి అప్పు చేసి బోరు వేయించారనుకోండి. కరెంటు ఉచితమే అయినా అప్పు కిస్తీ, కాపలా కూలీ, మోటారు మరమ్మతు కలిపి నెలకు 4,000 ఖర్చు. నెలకు 200 గంటలు నీళ్లు పారితే గంటకు 20 రూపాయలు వేసుకుంటే సరిపోతుంది. కరువొచ్చి బోరు 100 గంటలే పోస్తే? కిస్తీ తగ్గదు, కూలీ తగ్గదు. గంటకు 40 వేసుకోవలసిందే. నగరం సంగతీ అంతే. డ్యాముల అప్పు, పైపులు, సిబ్బంది జీతాలు నీళ్లు పారినా పారకున్నా ఉండేవే. వాడకంతో పాటు తగ్గేవి పంపుల కరెంటు, పటిక, క్లోరిన్ వంటివి కొన్నే.

అసలు చిక్కు మరొకటి ఉంది. అక్కడ నీటి రేటు శ్లాబుల లెక్కన ఉంటుంది. ఎక్కువ వాడిన కొద్దీ రేటు ఎక్కువ. తోటలు, ఈత కొలనులు ఉన్న ధనికులు కట్టే పైకంతోనే పేదవాడకు తక్కువకు, కొంత ఉచితంగా నీళ్లు అందేవి. కరువులో ఆ ధనికులే ముందుగా వాడకం తగ్గించారు. స్తోమతున్న వారు బోర్లు వేయించుకున్నారు, ట్యాంకులు కట్టించుకున్నారు. పై శ్లాబు ఖాళీ అయింది. నీళ్లు సగం తగ్గితే రాబడి సగంతో ఆగదన్నమాట. బోరు వేయించుకోలేని సామాన్యుడు మిగిలాడు, భారం అటు ఒరిగింది.

అంతకుముందే, 2017 జూలై నుంచి, నెలకు మొదటి 6,000 లీటర్లు ఉచితమన్నది నిరుపేదలకే పరిమితం చేశారు. ఆ ఏడాది చివర ఇళ్ల విలువను బట్టి కరువు పన్ను వేద్దామని ప్రతిపాదించారు. వేలాదిమంది అభ్యంతరాలు రాయడంతో 2018 జనవరిలో ఉపసంహరించుకున్నారు. ఫిబ్రవరిలో వాడకం రేట్లు బాగా పెంచారు. జూలై నుంచి ఇంటికి వచ్చే నీటి పైపు మందాన్ని బట్టి నెలనెలా స్థిర రుసుం వేశారు. వానలు పడ్డాక వాడకం రేట్లు మెల్లగా దించారు గాని ఆ స్థిర రుసుం పోలేదు. 2025లో మళ్లీ ఆస్తి విలువ లెక్కకే తిరిగారు; దానిపై కొందరు కోర్టుకెక్కారు.

పైపు మందం లెక్క న్యాయమని ఈ విలేకరికి తోచదు. ఐదుగురున్న చిన్న ఇంటికీ, తోటకు సొంత బోరున్న బంగళాకూ ఒకే మందం పైపు ఉండవచ్చు. నీళ్లు వాడకున్నా డ్యాం ఖర్చులో తమకూ పాలుందని ధనికుల చేత ఒప్పించడం ఆస్తి లెక్కతోనే కొంత సాధ్యం. అయితే పొదుపు చేయమని అడిగిన రోజునే రేటు పెరగవచ్చన్న సంగతి జనానికి చెప్పి ఉండవలసింది. ఆనక చెబితే ఎవరు నమ్ముతారు?

మన జిల్లాకు ఈ లెక్క దూరమైంది కాదు. మన కోదండాపూర్‌లో శుద్ధి అయిన కృష్ణా నీరే 2004 నుంచి హైదరాబాదుకు పోతున్నది. 2015, 2016 కరువులో సింగూరు, మంజీరా ఎండిపోయినప్పుడు నగరం కృష్ణా, గోదావరి నీటి మీదనే బతికింది. దగ్గరి చెరువుల నీరు పల్లానికి దానంతటదే పారుతుంది. ఇది వంద కిలోమీటర్లకు పైగా కరెంటుతో తోడిపోయవలసిన నీరు. కరువులో చవక నీరు ఎండుతుంది, ఖరీదు నీరు మిగులుతుంది. పైగా 2021 జనవరి నుంచి అక్కడ ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం చేశారు. మళ్లీ అటువంటి కరువు వస్తే ఆ పంపుల కరెంటు బిల్లు నల్లా రేటులోంచి వస్తుందా, సర్కారు ఖజానాలోంచి వస్తుందా? ఖజానా అంటే అందులో మన ఊళ్ల పన్నులూ ఉన్నాయి.