ఇంటి లెక్కలు

"రచన చూడండి, ఇంటి సంగతులు మనకెందుకు?" పెద్ద రచయితల కుటుంబాల ప్రస్తావన రాగానే వినిపించే మాట ఇది. కవి విషయంలో అయితే కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఇతరుల జీవితాలు రాయడమే వృత్తిగా పెట్టుకున్న మనిషికి కూడా ఈ మినహాయింపు ఇచ్చేద్దామా?

లెస్లీ స్టీఫెన్ (1832–1904) మనలో చాలామందికి వర్జీనియా వుల్ఫ్ తండ్రిగానే తెలుసు. విక్టోరియన్ ఇంగ్లండులో ఆయన పేరున్న విమర్శకుడు, 'డిక్షనరీ ఆఫ్ నేషనల్ బయోగ్రఫీ' తొలి సంపాదకుడు. 1885 నుంచి 1900 దాకా 63 సంపుటాలుగా వచ్చిన మహా నిర్మాణం అది. ఎవరి జీవితం దేశం గుర్తుపెట్టుకోదగ్గదో తేల్చే కుర్చీ ఆయనది.

అందులో థామస్ కార్లైల్ మీద వ్యాసం ఆయనే రాశాడు. అప్పటికే ఫ్రూడ్ రాసిన జీవితచరిత్ర కార్లైల్ దాంపత్యంలోని చేదును బయటపెట్టి దుమారం రేపింది. 1895లో రెండో భార్య జూలియా 49 ఏళ్లకే పోయాక, స్టీఫెన్ పిల్లల కోసం జ్ఞాపకాలు రాసిపెట్టాడు. వాటిలో ఆయన్ని తొలిచిన ప్రశ్న ఒకటుంది: నేనూ కార్లైల్ లాంటి భర్తనేనా? ఇంటి సంగతులు అనవసరమని ఆయనే అనుకోలేదు. ఆయన తరఫున మనం వకాల్తా పుచ్చుకోవడం దేనికి?

సరే, లెక్క చూద్దాం. జూలియా పోయాక ఇంటి భారం ఆమె మొదటి పెళ్లి కూతురు స్టెల్లా మీద పడింది. 1897లో, పెళ్లయిన కొన్ని నెలలకే స్టెల్లా కూడా పోయింది. పద్దుల పుస్తకం పద్దెనిమిదేళ్ల వెనెస్సా చేతికొచ్చింది. వారం వారం ఆ పద్దులు చూసి ఆయన చేసిన రభస, పడిన మూలుగులు వుల్ఫ్ జ్ఞాపకాల్లో ఉన్నాయి. మొదటి భార్య, నవలాకారుడు థాకరే కూతురు మిన్నీకి పుట్టిన లారా మానసికంగా ఎదగలేదన్నారు. 1890ల్లో ఆమెను ఇంటినుంచి పంపించేశారు. 1945లో చనిపోయేదాకా ఆమె బతుకు సంరక్షణాలయాల్లోనే గడిచింది.

కొడుకులు కేంబ్రిడ్జికి వెళ్లారు. కూతుళ్లను పంపలేదు. తన గ్రంథాలయాన్ని మాత్రం వర్జీనియాకు అడ్డూ అదుపూ లేకుండా వదిలేశాడు. అది చిన్న సంగతి కాదు, ఆ మేరకు ఆయనకు జమ వేయాల్సిందే. "కాలమే అలాంటిది" అంటారా? అదే కేంబ్రిడ్జిలో గర్టన్, న్యూన్‌హామ్ మహిళా కళాశాలలు అప్పటికే నడుస్తున్నాయి. సొంత అన్న ఫిట్జ్‌జేమ్స్ (మన 1872 సాక్ష్య చట్టం రాసిన పెద్దమనిషి) కూతురు కేథరిన్ న్యూన్‌హామ్‌లో పనిచేసి, తర్వాత దానికి ప్రిన్సిపాల్ కూడా అయింది. దారి ఎక్కడో కాదు, బంధువుల ఇంట్లోనే ఉంది.

స్టీఫెన్ పుస్తకాలు అటకెక్కించమని నేననడం లేదు. ఆయన గదిలో నిశ్శబ్దం ఊరికే రాలేదు, దాన్ని ఎవరో కాపలా కాశారు. ఆ కాపలా కూడా ఆ 63 సంపుటాల ఖర్చులో భాగమే. మన జీవితచరిత్రలు "అర్ధాంగి సహకారం మరువలేనిది" అని ఒక్క వాక్యం రాసి, వెంటనే మరిచిపోతాయి. ఇకనుంచి అలాంటి వాక్యం కనబడితే అక్కడే ఆగి అడగండి: ఏ సహకారం? ఎన్నేళ్లు? బదులుగా ఆమెకు దక్కిందేమిటి?